పాలగడ్డ

మల్‌సున్ వదిన నా భార్య కుక్కను చంపింది. ఇందులో వాదనకేమీ లేదు.

నా భార్య పోయాక ఇంట్లో మిగిలిన ప్రాణి దల్లే ఒక్కతే. కొండ మీద అడవి ఉల్లికాడలు కోస్తుంటే దొరికిందని, ఆ ఆకు పేరే దానికి పెట్టుకుంది ఆవిడ. కొరియా దక్షిణాన ఉన్న మా వాండో దీవిలో చలికాలమంతా మగవాళ్ళం సముద్రంలో తినే నాచు పెంచే తోటల మీదే ఉంటాం. పగలు దల్లే పక్కింట్లో, నా భార్య అక్క మల్‌సున్ దగ్గర ఉండేది.

చనుమొన పక్కన బఠాణీ అంత గడ్డను మొదట చూసింది వదినే.

"పాలగడ్డ, మరిదీ. కడుపు లేకపోయినా ఆడకుక్కలకి ఒక్కోసారి పాలు పడతాయి. నేను చూసుకుంటాగా."

మా ఊరి ఆడవాళ్ళు బాలింతలకు చేసేదే చేసింది. వేడి తువ్వాలుతో కాపడం, మర్దన, పూటపూటా నాచు చారు. దల్లే అంతా తాగేది.

గడ్డ కోడిగుడ్డంత అయింది. పట్నం తీసుకెళ్తానన్నాను.

"కుక్కకి స్కానింగా! మా చెల్లి దగ్గుతుంటే ఇంత పరుగు తియ్యలేదే నువ్వు?" నవ్వుతూనే అంది. "ఇదిగో చూడు, నీలం నరాలు పైకి తేలాయి. పాలు దిగుతున్నాయన్నమాట. కాస్త ఓపిక పట్టు."

మర్నాడు దల్లేని వదిన దగ్గరే వదిలి, నాచు తోటకి పడవెక్కాను.

కొన్ని వారాలు పోయాక ఒక సాయంత్రం తిరిగొచ్చేసరికి దల్లే గడప దాటితే రొప్పుతోంది. ఇద్దరం పట్నం తీసుకెళ్ళాం. పశువుల డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూసింది.

"పాలు కాదండీ, కంతి. అది పెరగాలంటే రక్తం కావాలి. అందుకే చుట్టూ కొత్త రక్తనాళాలు పుట్టించుకుంది. పైకి తేలినవి ఆ రక్తం మోసే నరాలే. ఆ దారినే ఊపిరితిత్తుల్లోకీ పాకింది."

"నా కాపడం వల్లనా, అమ్మా?" వదిన అడిగింది.

"కాపడం వల్ల పుట్టలేదు మామ్మా. బఠాణీ అంత ఉన్నప్పుడే తెచ్చుంటే కోసి తీసేసేదాన్ని."

దల్లే వదిన ఒడిలోనే పోయింది. నేను పిలిస్తే కళ్ళు తిప్పింది, తల తిప్పలేదు. ఆఖరిసారి నాకింది కూడా ఆవిడ చేతినే. ఆ విషయంలోనూ వదినను నేను క్షమించను.

పాతిపెట్టి వచ్చేసరికి వదిన మా వాకిట్లో నిలబడి ఉంది.

"ఒక్క తిట్టు తిట్టు, మరిదీ. తిట్టెయ్యవయ్యా!"

తిట్టలేదు. లోపలికెళ్ళి గడియ పెట్టుకున్నాను. చాలాసేపు తలుపు కొట్టింది.

ఈ సంగతి ఒక్కసారి చెప్పాను. ఇక ఎవరడిగినా నా నోట రాదు.