బిల్లు మొత్తం చదవండి

డెన్వర్‌లో, మా రాష్ట్ర శాసనసభలో ఓటింగ్ మొదలవబోతుండగా మావయ్య ఫోన్ చేశాడు.

"ఇట్సెల్, ఆ ప్రభుత్వ బీమా సోమవారమే రద్దు చేయించేశాను. పేర్లన్నీ ఇమిగ్రేషన్ పోలీసులకి వెళ్తున్నాయట. పనిలో అందరూ అదే మాట."



మావయ్యలా వలస కాగితాలు లేనివాళ్ళకు రాష్ట్రం ఇచ్చే ఆరోగ్య బీమాలో ఇక కొత్తవాళ్ళను చేర్చుకోకూడదు. మా బడ్జెట్ బిల్లులో రాజీ అది. ఇప్పటికే ఉన్నవాళ్ళను మాత్రం తీసెయ్యరు. ఆ ఒక్క వాక్యం కోసం పోట్లాడి, బదులుగా నా ఓటు ఇస్తానన్నాను. బిల్లు నెగ్గాలంటే నా ఓటు కావాలి. గవర్నర్ కింది అంతస్తులో సంతకానికి సిద్ధంగా ఉన్నాడు. సంతకం పడగానే కొత్త చేరికలకు తలుపు మూసుకుంటుంది.

నన్ను పెంచిన మావయ్య ఆ తలుపు బయట ఉన్నాడు. డయాలసిస్ ఆగితే బతకడు.

"వెంటనే క్లినిక్‌కి వెళ్ళి బీమాలో మళ్ళీ చేరు."

"మళ్ళీ అడ్రస్ ఇవ్వాలా?"

స్పీకర్ సుత్తి ఎత్తింది. నేను లేచి నిలబడ్డాను.

"బిల్లు మొత్తం చదివించండి."

సభలో గోల లేచింది. ఒక్క సభ్యుడు అడిగినా ప్రతి పేజీ పైకి చదవాల్సిందే. దానికి గంటలు పడుతుంది. కానీ ఓటింగ్ ఆలస్యం చేయడానికి ఇక్కడ ఆ ఎత్తు వేసేది ప్రతిపక్షం. సొంత పార్టీ బిల్లుకి ఎవరూ అడగరు.

మా పార్టీ నాయకుడు క్రూగర్ పరుగున వచ్చాడు. "మతి పోయిందా తల్లీ? అటు దూకేశావా?"

"ఓటు వేస్తాను. ముందు చదవనివ్వండి. వినాలనుంది."

"సగం రాసింది నువ్వే కదా!"

గుమాస్తా ఊపిరి తీసుకోకుండా చదువుతున్నాడు. నేను వరండాలోకి వెళ్ళి ఫోన్ చేశాను.

"క్లినిక్ ముందే ఉన్నాను," అన్నాడు మావయ్య. "నా పేరు వాళ్ళకి చేరదని ఒట్టెయ్యి. లోపలికి వెళ్తా."

ఒట్టు నాలుక చివరిదాకా వచ్చింది. వాషింగ్టన్‌లోని కేంద్ర ప్రభుత్వం రేపు ఏ పేర్లు అడుగుతుందో, ఎవరు ఇచ్చేస్తారో నాకేం తెలుసు?

"వెయ్యలేను మావయ్యా. నాకే తెలీదు. డయాలసిస్ ఆగితే ఏమవుతుందో మాత్రం ఇద్దరికీ తెలుసు."



"మీ అమ్మైతే ఠక్కున అబద్ధం చెప్పేసేది," అని ఫోన్ పెట్టేశాడు.

లోపల పేజీలు తరిగిపోతున్నాయి. రోడ్లు, జైళ్ళు, బడి బస్సులు. క్రూగర్ నన్ను చూస్తూ గోళ్ళు కొరుక్కుంటున్నాడు. చివరి పేజీలలో ఉండగా మెసేజ్ వచ్చింది.

"చేరిపోయాను. మనవాళ్ళందరికీ ఫోన్ చేసి చెప్పా. క్యూ వీధి చివరిదాకా ఉంది. వాళ్ళకి టైముంది కదా?"

గుమాస్తా ఆఖరి కాగితం బోర్లించాడు. గంట మోగింది. బోర్డు మీద అందరి పేర్లూ వెలిగాయి, నాది తప్ప.

బిల్లు ఓడిపోతే మళ్ళీ వస్తుంది, ఈసారి నా వాక్యం లేకుండా. అప్పుడు లోపలున్నవాళ్ళూ బయటే. మావయ్యతో సహా.

పచ్చ మీట నొక్కాను.

చేతిలో ఫోన్ మళ్ళీ వణికింది.

"ఇట్సెల్? టైముంది కదా?"