ఎర్రపట్టీ సీసాలు

హెల్సింకీలో మా పరిశోధనశాలలో సీసాలు కడిగే పని నాది. జనం దానమిచ్చిన రక్తంలోంచి ఇంటర్‌ఫెరాన్ అనే మందు తీసి, సీసాల్లో పెంచే కణాల మీద పోసి చూసేవారు డాక్టర్లు. మందు పోసే సీసాలకు ఎర్రపట్టీ అంటించి, వాటిని నన్నే వేరే తొట్టిలో కడగమనేవారు.

ఆ చలికాలం ఎర్రపట్టీ సీసాల్లో కణాలు చావలేదు కానీ ఎదగనూ లేదు; మిగతా సీసాల్లో బాగానే పెరిగాయి. కుర్ర డాక్టరు ఓస్మో ఒక సీసా వాసన చూసి, నా చేతులవంక చూశాడు. ఇంట్లో ఒళ్లు రుద్దుకోవడానికి ఘాటు వాసనేసే తారు సబ్బు తప్ప మరోటి ఎరగను నేను.

"సైమీగారూ, వీటిని దేంతో కడుగుతున్నారు?"

"మీరిచ్చిన పొడితోనే డాక్టరుగారూ."

"మరి ఈ వాసనేంటి?"

"అది నా ఒంటిది. పుట్టినప్పట్నుంచీ ఉంది, ఇప్పుడు పొమ్మంటే పోతుందా?"

అతను నవ్వలేదు. సీసాల్లో సబ్బు మిగిలిందనీ, పైవాళ్లకు చెబుతాననీ అన్నాడు. పింఛనుకు ఇంకా ఏడాది ఉంది. ఈ వయసులో పని పోతే ఇంకెవరిస్తారు?

పక్క తొట్టి దగ్గర మిగతా సీసాలు కడిగే ఔనె పళ్లికిలించింది. "ఏమే సైమీ, కణాలక్కూడా ఆవిరిస్నానం చేయించి వీపు రుద్దావా?"

కాఫీవేళ నా బల్ల దగ్గరికి ఎవరూ రాలేదు. ఈ కుర్రాడే ఏదో పాడుచేసి నా నెత్తిన రుద్దుతున్నాడేమోనని నాకూ అనుమానం పట్టుకుంది. అతను నా తొట్టిని కనిపెడుతుంటే, నేను అతని చేతుల్ని కనిపెడుతూ ఉన్నాను.

సంగతి పెద్ద డాక్టరమ్మ ఇంకెరిగారి చెవిన పడింది. "సైమీ చెయ్యి తగలని కొత్త సీసాల పెట్టె విప్పు. సగం సీసాల్లో మందు పొయ్యి, సగం వదిలెయ్" అంది ఓస్మోతో. మందు పడ్డ కణాలు మళ్లీ మందగించాయి, మిగతావి మామూలుగా పెరిగాయి.

"అయితే మందులోనే విషముంది!" అన్నాడు ఓస్మో. అతని అనుమానం నన్ను వదిలి మందును పట్టుకుంది.

"విషమైతే చావాలిగా?" అంటూ ఆవిడ ఇంకో పరీక్ష పెట్టింది. ఫలితం చూసి నన్నూ పిలిచింది. "కణానికి పెరగమని కబురు తెచ్చే పదార్థం ఒకటుంటుంది సైమీ. దాన్ని పట్టుకునే గ్రాహకాలు కణం ఒంటిమీదే ఉంటాయి. ఈ మందు పడితే అవి తగ్గిపోతున్నాయి. కబురొచ్చినా అందుకునే చేతులు చాలవు. మందు తీసేశాక అవి తిరిగి వచ్చాయి, కణాలూ పెరిగాయి."

ఓస్మో క్షమించమనలేదు. మా దేశపు మగవాళ్లకు ఆ మాట నోట రాదు. మర్నాడు తనే కప్పు కడిగి, కాఫీ పోసి నా ముందు పెట్టాడు.

"తాగండి సైమీగారూ."

నేను కప్పు పైకెత్తి అడుగు చూశాను, వాసన చూశాను.

"ఏంటలా చూస్తారు?"

"సబ్బు మిగిలిందేమోనని."

ఔనె కిసుక్కున నవ్వింది. అతని చెవులు ఎర్రబడ్డాయి. కాఫీ పలచనే, అయినా అడుగుదాకా తాగాను.