ఖండన రాని వార్త

మా తమ్ముడి వెబ్‌సైటు చదివేవాళ్లు రెండే రకాలు. తమ గురించి రాశారేమోనని భయపడేవాళ్లు, పక్కవాడి గురించి రాశారని సంబరపడేవాళ్లు. రాష్ట్ర రాజకీయాలు తప్ప అందులో ఇంకేమీ ఉండదు. సినిమాలు లేవు, ఆటలు లేవు, ఆఖరికి వాన పడుతుందో లేదో కూడా రాయరు. మందుల దుకాణం మీద ఒక గది, రెండు కంప్యూటర్లు, మూలుగుతూ తిరిగే ఫ్యాను. అయినా శాసనసభకు వచ్చే ప్రతి సభ్యుడూ కారు దిగకముందే ఫోనులో దాన్ని చూసుకుంటాడు.

నేను బడి మధ్యలో మానేసి స్టీరింగు పట్టుకున్నాను. వాడు చదువుకున్నాడు. వాడి చదువంతా నా ఒళ్లు అరిగితే వచ్చింది. ఈ మాట ఇంట్లో ఎవరూ అనరు కాబట్టి నాకు నేనే అనుకుంటుంటాను.

నేను నడిపేది అలాంటి ఒక సీనియర్ సభ్యుడి కారు. అందరూ ఆయన్ను పెద్దాయన అంటారు. జీవితమంతా ఒకే పార్టీ. మంత్రి పదవి చూపించి పిలిచినా గోడ దూకలేదు. ఆస్తి లేదు, పిల్లలు లేరు. చెప్పుకోవడానికి ఆయనకున్నది అదొక్కటే.

ఈమధ్య ఆయనకు మతిమరుపు మొదలైంది. ముందు పేర్లు పోయాయి, తర్వాత దారులు. సభలో తన సీటేదో తెలియక నిలబడిపోయిన రోజున ఆయన భార్య, అమ్మగారు, నన్ను వంటింట్లోకి పిలిచారు.

"నాయనా, ఇది నీకూ నాకూ డాక్టరుకూ తప్ప నాలుగో మనిషికి తెలియకూడదు. తెలిస్తే బతికుండగానే ఆయన్ను మూల కూర్చోబెడతారు."

మాటిచ్చాను.

మా ఖర్మ కాకపోతే, ఆ డాక్టరు ఇల్లు అవతలి పార్టీ నాయకుడి ఇంటి పక్కనే ఉండాలా? సందేమో ఇరుకు. కారు ఆపాలంటే ఆ నాయకుడి గేటు ఎదుటే చోటు. అక్కడ ఆగిన మా కారు తమ్ముడి కంట పడింది. వెంటనే ఫోను చేశాడు.

"అన్నయ్యా, మీ పెద్దాయన అక్కడికెందుకు వెళ్లాడు?"

"నన్నడక్కు."

"గోడ దూకుతున్నాడా?"

"అడగొద్దన్నానా?"

"లేకపోతే లేదను, ఇక్కడితో వదిలేస్తా."

లేదని చెబితే, మరెందుకు వెళ్లాడంటాడు. వాడి సంగతి నాకు తెలియదా? ఫోను పెట్టేశాను.

ఆ వెబ్‌సైటువాళ్లకొక పద్ధతుంది. పార్టీ మారేవాడెవడూ అవునని ముందే చెప్పడు కాబట్టి, దగ్గరివాళ్లను అడుగుతారు. గట్టిగా ఖండిస్తే వార్త ఆపుతారు. నీళ్లు నమిలితే అవునని లెక్క. నా తర్వాత అమ్మగారికి చేశాడట. డాక్టరు సంగతి ఎక్కడ బయటపడుతుందోనని ఆవిడ "ఆయన పడుకున్నారు" అని పెట్టేశారు. ఇంకేం కావాలి వాడికి? భోజనాల వేళకు "గోడ మీద పెద్దాయన" అని వార్త ఎక్కించాడు. పైన మా కారు ఫొటో. కిటికీలో నా మోచెయ్యి.

సాయంత్రం తమ్ముడి వెబ్‌సైటు గదికి వెళ్లాను.

"తీసెయ్‌రా దాన్ని."

"తప్పయితే ఖండించమను. అది కూడా వేస్తా."

"నోరు తెరవలేని మనిషి ఎలా ఖండిస్తాడురా, నీ చదువు తగలెయ్య!"

వాడు నా మొహంలోకి చూశాడు. "ఆ సందులో డాక్టరుంటాడు కదూ?" అన్నాడు మెల్లగా. నేను ఖండించలేదు. ఈసారి వాడు సరిగ్గానే అర్థం చేసుకున్నాడు. వార్త తీసేసి, పొరపాటు రాశాం, క్షమించమని పెట్టాడు. అప్పటికే ఆ ఫొటో అందరి ఫోనుల్లోనూ తిరుగుతోంది. క్షమాపణ ఎవడికి కావాలి?

మర్నాడు పొద్దున పెద్దాయన వెనక సీట్లో కూర్చుని, ఎవరో పంపిన ఆ వార్త చదువుకున్నారు.

"ఒరేయ్ సారథీ, నేను పార్టీ మారానట్రా?" నన్ను అలాగే పిలుస్తారాయన.

"అబద్ధం అయ్యా."

"మన కారే కదరా. ఈ చెయ్యి నీదే."

"డాక్టరు దగ్గరికి వెళ్లామయ్యా."

"ఏ డాక్టరు?"

చెప్పాను. తలూపారు. వంతెన దాటాక మళ్లీ మొదలు.

"ఎందుకు మారాన్రా నేను? వాళ్లు నాకేం ఇచ్చారు?"

ఆ గొంతులో కోపం లేదు. ఏదో పగలగొట్టి దొరికిపోయిన పసివాడి బెదురు ఉంది.

"పార్టీ ఆఫీసుకు పోనీ."

"ఇంటికెళ్దామయ్యా, అమ్మగారు..."

"పోనియ్యమంటున్నానా!"

ఆఫీసు మెట్ల దగ్గర నాయకులు, కెమెరాలు. ఆయన సంగతి తేల్చడానికే చేరారు. "రండి రండి, కొత్త అత్తారింట్లో మర్యాదలు బాగా జరిగాయా?" అన్నాడొకడు. అంతా గొల్లుమన్నారు.

పెద్దాయన చేతులు జోడించారు.

"తప్పయిపోయింది. ఎందుకు వెళ్లానో నాకే తెలియదు. ఇన్నేళ్లు మీతో ఉన్నవాణ్ని. ఈ ఒక్కసారికి మన్నించండి."

నవ్వులు ఆగాయి. కెమెరాలు ఆగలేదు. గుంపులోంచి మా తమ్ముడు "అది నిజం కాదు, నేనే తప్పు రాశాను!" అని అరిచాడు.

"ఊరుకోవయ్యా, ఆయనే ఒప్పుకుంటుంటే మధ్యలో నీ గోలేంటి?" అని పక్కవాడు కసిరాడు.

జబ్బు సంగతి చెబితే అమ్మగారికిచ్చిన మాట తప్పినట్టే. పెద్దాయన చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చి కారెక్కించాను.

సిగ్నలు దగ్గర ఆగి ఉండగా తమ్ముడు ఫోను చేశాడు. ఆయన్ను పార్టీలోంచి తీసేశారట. చెప్తూ ఏడ్చాడు. నాకు తిట్టాలనిపించింది, తిట్టలేకపోయాను.

వెనక పెద్దాయన హాయిగా జారగిలబడి ఉన్నారు.

"చెప్పేశాక బరువు దిగిందిరా. క్షమించారంటావా?"

"క్షమించారయ్యా."

"మంచివాళ్లు" అన్నారు, గాలి కోసం కిటికీ అద్దం దించుకుంటూ.