బొట్టు కింద బాణం

పంజాగుట్టలో మా అపార్ట్‌మెంట్‌కి సెక్రటరీని నేనే, జోగారావుని. ముప్పై నాలుగేళ్లు నీటి పైపుల ఇంజనీరుగా చేసి రిటైరయ్యాను కాబట్టి, మా పంపు గదిలో నాకు తెలియనిది లేదని నా నమ్మకం. ఆ నమ్మకం చేసిన నిర్వాకమే ఇదంతా.

దసరాకి ఆయుధపూజ. పంపు గదిలో ప్రతి వస్తువూ కడిగి బొట్టు పెట్టాల్సిందేనని పట్టుబట్టాను. స్విమ్మింగ్ పూల్ చూసుకునే సాయిలుకి నాలుగు రోజులు సెలవిచ్చి ఊరికి పంపింది కూడా నేనే. పూల్‌కి పాచి పట్టకుండా ఉప్పునీటి నుంచి క్లోరిన్ తీసే మెషీనుకి ఫ్లో స్విచ్ అని ఒకటుంటుంది. పైపులో నీళ్లు పారితే దాని లోపలి రేకు వంగుతుంది, అప్పుడే మెషీను పనిచేస్తుంది. దాన్ని స్వహస్తాలతో విప్పి, కడిగి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, మళ్లీ బిగించాను.

మర్నాటి నుంచి మెషీను మీద ఎర్ర లైటు. నీళ్లు పారడం లేదట. పంపేమో చక్కగా తిరుగుతోంది. ఐదో రోజుకి పూల్ పచ్చగా పాచిపట్టి, పిల్లల ఈత క్లాసులు ఆగిపోయాయి.

సాయిలు ఊరి నుంచి రాగానే కమిటీ అందరి ముందూ నిలబెట్టాను.

"గా స్విచ్ జర విప్పి చూస్త సార్," అన్నాడు.

"దాని జోలికెళ్లకు! అది నేను బిగించింది. ఫిల్టర్ కడక్కుండా ఊళ్లు పట్టుకు తిరిగి, పైగా నాకు నేర్పుతావా?"

అతనేదో చెప్పబోయాడు, నేను చెప్పనివ్వలేదు. సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను: 'సాయిలు నిర్లక్ష్యం వల్ల పూల్ పాడైంది. రేపటి నుంచి అతను రాడు.'

అమీర్‌పేట నుంచి విజయేందర్ అనే మెకానిక్ వచ్చాడు. ఫిల్టర్ చూశాడు, శుభ్రంగా ఉంది. వైర్లు చూశాడు, బాగానే ఉన్నాయి. స్విచ్ దగ్గరికొచ్చి నా పసుపు కుంకుమల్ని తడిగుడ్డతో తుడిచాడు. కింద బాణం గుర్తు బయటపడింది. నీళ్లు కుడికి పారుతుంటే బాణం ఎడమకి చూస్తోంది.

"ఉల్టా బిగించిండ్రు సార్. గిట్లుంటే రేకు వంగదు. ఎవరు చేసిండ్రు గీ పని?"

"ఎవరో," అన్నాను.

అరవై ఆరేళ్లవాణ్ణి, ఆ మాట నా నోటికి ఎంత తేలిగ్గా వచ్చిందో! "ఇంతకుముందు పనిజేసినాయన గావచ్చు," అని అతనే అన్నాడు. నేను కాదనలేదు. స్విచ్ తిప్పి బిగించగానే మెషీను పనిచేసింది. నాకు మాత్రం తలెత్తబుద్ధి కాలేదు.

మర్నాడు పొద్దున్నే బల్కంపేటలో సాయిలు ఇంటికి వెళ్లాను. అతని భార్య వజ్రమ్మ మా అపార్ట్‌మెంట్‌లోనే రెండిళ్లలో పనిచేస్తుంది. నన్ను చూసి మొహం తిప్పుకుంది. సాయిలు మాత్రం కుర్చీ వేశాడు. దానికన్నా నాలుగు తిట్టినా బాగుండేది.

"తప్పు నాదే సాయిలూ. స్విచ్ తిరగేసి బిగించింది నేనే. మళ్లీ పనిలోకి వచ్చెయ్."

"నాకు అనుమానమొచ్చింది సార్. బాణం మీద బొట్టు పెట్టిండ్రు. తుడిచి చూద్దామంటె మీరు ముట్టనియ్యలే."

వజ్రమ్మ ఇటు తిరిగింది. "తిట్టుడేమో అందరి ముంగట, తప్పైందని చెప్పుడేమో మా ఇంట్లనా సార్? నీ మొగుడు గంత పనిదొంగనా అని నేను పనిజేసే ఇండ్లల్ల అమ్మలు నన్ను అడుగుతున్నరు."

నిజమే, గుట్టుగా చెప్పేసి బయటపడదామనే వచ్చాను. ఫోన్ తీసి గ్రూపులో రాయడం మొదలుపెట్టాను.

"ఏం రాసిండ్రో జర సదువుండ్రి," అంది వజ్రమ్మ.

"'స్విచ్ బిగించడంలో పొరపాటు జరిగింది. సాయిలు తప్పేమీ లేదు.'"

"మరి ఎవరిదని అడగరా సార్?" అన్నాడు సాయిలు మెల్లగా.

రాసిందంతా చెరిపేశాను. ఈసారి ముందు నా పేరు రాశాను.