జంపయ్య బ్యూగిల్ మీది సొట్ట

జంపయ్య భార్య పుల్లమ్మ గుడ్డ విప్పింది. బ్యూగిల్ తళతళ మెరిసిపోతోంది. సొట్ట లేదు.

నా నోరు మంచిది కాదని మా తండాలో అందరికీ తెలుసు. ఆ పూట మరీ రెచ్చిపోయాను. జంపయ్య పోయి నెల కాలేదు, ఆయన ఇంట్లోనే నిలబడి ఆయన భార్యను నోటికొచ్చినట్టు తిట్టాను.

తిట్టనా మరి? అది మా రెజిమెంటు బ్యూగిల్, సిపాయిలను పిలిచే ఇత్తడి బాకా. డెబ్బై ఒకటి యుద్ధంలో జంపయ్య ఛాతీమీద వేలాడుతుంటే తుపాకీ గుండు వచ్చి దానికి తగిలింది, మనిషి బతికాడు. అప్పట్నించీ కొత్త సిపాయిలు ప్రమాణం చేసే రోజు ఒక్కొక్కడూ ఆ సొట్టమీద బొటనవేలు పెట్టి పోవాలి. దాన్ని సరిచేయకూడదు, తోమకూడదు. అది మా ఆచారం. జంపయ్య రిటైరైనప్పుడు, బతికున్నన్నాళ్లు నీ దగ్గరే ఉంచుకో అని పెద్ద సారు ఇచ్చాడు. ఏటా ప్రమాణం రోజుకు తనే మోసుకెళ్లేవాడు. ఇక దాన్ని రెజిమెంటు మ్యూజియానికి చేర్చే పని నాకు అప్పగించారు. నేనూ అందులోనే హవల్దారుగా చేశాను.

సారపాకలో ఇత్తడి సామాను బాగుచేసే ముసలయ్యతో సొట్ట తీయించానంది పుల్లమ్మ. దాని విలువ నీకేం తెలుసని కసిరాను.

"ఆయనే తీయించమన్నడు రామ్‌సింగన్నా. పోయే ముందు నాతోని ఒట్టేయించుకున్నడు. దానికి గుండు తగల్లే. భయమై ఉరుకుతుంటే బండమీద బోర్లపడ్డడంట."

మంచంమీద కూలబడ్డాను.

అబద్ధమన్నాను. నిజమైతే ఇన్నేళ్లు ఎందుకు దాచాడన్నాను. ఏటా ఆ సిపాయి పిల్లలు సొట్టను ముట్టుకున్నాక, జంపయ్య ఇంటికొచ్చి నాలుగు రోజులు అన్నం సరిగ్గా తినేవాడు కాదంది పుల్లమ్మ. ఇంకేదో చెప్పబోయి ఆగింది. చెప్పమని గద్దించాను.

"మొదలు గుండని అరిచింది నువ్వేనంట అన్నా. మేజర్ సారు ఈయన్ని కావలించుకునేసరికి ఇగ కాదనే ధైర్యం రాలేదంట."

నిజమే. ఆ తెల్లవారుజామున కందకంలో సొట్ట చూసి కంపెనీ అంతా వినపడేలా అరిచింది నేనే. జంపయ్య ఏదో చెప్పబోతే, సిగ్గుపడుతున్నాడు వెధవ అని వీపు చరిచాను. యాభై ఏళ్లుగా కనపడిన ప్రతివాడికీ ఆ కథ చెప్పిందీ నేనే. నా నోరు పడిపోను.

అంతలో ఫోన్ మోగింది. మ్యూజియం చూసుకునే కుర్ర కెప్టెన్. బ్యూగిల్ తీసుకున్నారా, గుండు దెబ్బ అలాగే ఉందా అని అడిగాడు. సోమవారం నూటఇరవై మంది ప్రమాణమట.

పుల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నన్నే చూస్తోంది. ఏం చెప్పినా ఆమె ఏమీ అనదని నాకు తెలుసు.

"బ్యూగిల్ ఉంది సార్," అన్నాను. "గుండు దెబ్బ లేదు. ఎన్నడూ లేదు. సోమవారం నేనొస్త. పిల్లలకు నేనే చెప్పాలె."