ఎర్రరాయి కొక్కెం

జమ్మలమడుగులో పళ్ల డాక్టరు కెరోలిన్‌కు పట్టుదల ఎక్కువ. పళ్ల క్లిప్పుల తీగకు తగిలించే కొక్కెం ఒకటి తనే చేయాలనుకుంది. నమిలేటప్పుడు అది ఊడకూడదు, గోటితో నొక్కితే రావాలి. ఐదు చేస్తే మూడు మొదటి ముద్దకే ఊడాయి. రెండు పట్టకారుకు కూడా రాలేదు.

సిగ్గు చంపుకుని ప్రొద్దుటూరు కంసాలి మౌనాచారి దగ్గరికి పోయింది.

"నువ్వు పండ్లు సదివినావు. నగ యాడ ఊడి పడిపోతాదో మేం సదివినాం," అని ఆయన నవ్వాడు. గొలుసు కొక్కెం లెక్కన స్టీలుతో ఒకటి చేశాడు. లాగితే బిగుస్తుంది, పక్కకు నొక్కితే వదులుతుంది. అలవాటు కొద్దీ దాని మీద ఆవగింజంత ఎర్రరాయి కూడా పొదిగాడు.

"రాయెందుకు పెద్దాయనా?"

"రాయి లేకుంటే నా చేతికి పని అయిపోయినట్టుండదమ్మా."

పళ్లకు క్లిప్పులు వేయించుకున్న పులివెందుల యశోదకు దాన్ని పెట్టింది కెరోలిన్. ఆర్నెల్లు నాటుకోడి ఎముకలు కొరికినా అది కదల్లేదు.

"పండ్లు దారికొచ్చినాయి. ఇంక కొక్కెం తీసేస్తా," అంది కెరోలిన్ గర్వంగా.

యశోద నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "తీస్తే ఊరుకోను డాక్టరమ్మా! మా ఆడబిడ్డకు గూడా ఒకటి పెట్టు. బయట కూచోనుంది."

"ఆయమ్మ పండ్లకు ఏమైంది?"

"పండ్లు శానా బాగుండాయి. నా ఎర్రరాయి చూసినకాడ్నుంచి మనిషే బాగలేదు."