ఉలుకూ పలుకూ

మూడో పెన్సిలు కూడా చెక్కి, మొన వేలికి గుచ్చుకుంటోందో లేదో చూసుకుని, దాన్ని మిగతా రెండింటి పక్కన పెట్టాడు ఉలుకయ్య. తర్వాత లేచి తలుపు దగ్గరికి వెళ్లాడు. లోపల గడియ వేసుకుంటే తనకేమైనా అయితే బయటివాళ్లు ఎలా వస్తారన్నది ఒక భయం. వేసుకోకపోతే ఎవరైనా చప్పుడు చేయకుండా వచ్చి భుజం మీద చెయ్యి వేస్తారన్నది ఇంకో భయం. ముప్పయ్యేళ్లుగా ఈ రెంటికీ రాజీ కుదరక, తలుపు దగ్గరగా వేసి, కుర్చీ అడ్డం పెట్టి, కుర్చీ అంచున తన అన్నం డబ్బా నిలబెట్టేవాడు. ఎవరైనా తోస్తే డబ్బా కిందపడి మోగుతుంది. అలా మోగిన ప్రతిసారీ అందరికంటే ముందు అదిరిపడేది ఆయనే.

తలుపు బయట ‘ముందుచూపు గది’ అని బోర్డు ఉంది. ఆ టీవీ సంస్థలో ఏ సినిమా అయినా, ఎపిసోడయినా, డాక్యుమెంటరీ అయినా జనం ముందుకు వెళ్లే ముందు ఆయన ముందుకు రావాలి. ఆయన చూడాలి, భయపడాలి. ఉద్యోగం అదే.

చేరినప్పుడు ఆయన ఫైళ్లు మోసే గుమాస్తా. ఓసారి పాత మేనేజరు నలుగురితో కూర్చుని ఏదో సినిమా చూస్తుంటే సంతకం కోసమని లోపలికి వెళ్లాడు. తెర మీద పిల్లి దూకింది. ఈయన కెవ్వుమని చేతిలో కాగితాన్ని రెండు ముక్కలు చేశాడు. అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు, మేనేజరు తప్ప. “ధైర్యవంతులకు చూపించి ఏం లాభమయ్యా? ఇళ్లల్లో చూసే పిల్లలందరూ ధైర్యవంతులా? మనకు కావలసినవాడు ఇతనే” అన్నాడు. లోకంలో పిరికివాళ్లకు కొదవ లేదు గానీ, పిరికితనానికి కుర్చీ వేసి కూర్చోబెట్టిన ఆఫీసు అదొక్కటే అయి ఉంటుంది.

పని చేసే తీరు ఆయనే కనిపెట్టుకున్నాడు. పుస్తకంలో పేజీకి మూడు నిలువు గడులు. మొదటి గడిలో వరసకొకటి చొప్పున నిమిషాల అంకెలు. రెండో గడి పేరు ‘ఉలుకు’. తెర మీద నిమిషం మారినప్పుడల్లా పెన్సిలు మొనను ఆ వరస మీదికి దించి ఊరుకుంటాడు. ఉలిక్కిపడ్డాడంటే చెయ్యి ఎగురుతుంది, కాగితం మీద గీత పడుతుంది. గోరంత గీతయితే అందరూ చూడవచ్చు. వేలెడయితే పిల్లల పక్కన పెద్దవాళ్లుండాలి. జానెడయితే పిల్లలు పడుకున్నాకే వెయ్యాలి. మూడో గడి ‘పలుకు’. అందులో తనకు తోచిన మాట రాసుకుంటాడు. ఆఫీసుకు ఆ గడితో పని లేదు. టైపిస్టు అన్నింటికంటే పెద్ద గీత ఏదో చూసి, దానికి తగ్గ ముద్ర పేజీ అడుగున వేసేస్తుంది. ఆ గడుల పుణ్యమా అని ఆయనకు ఉలుకయ్య అన్న పేరు స్థిరపడిపోయింది. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినబడేది కాదు.

మనిషి సన్నం. చెవులు పెద్దవి. కనుబొమలు ఎప్పుడూ నొసటి మీదికి పాకి ఉండేవి, ఇప్పుడే ఎవరో వెనకనుంచి పిలిచినట్టు. మెడ భుజాల్లోకి దిగిపోయి ఉండేది. ఇంట్లో భార్య సరిగ్గా దీనికి తిరగేసిన మనిషి. బల్లిని చేత్తో పట్టి బయట పారేస్తుంది. దెయ్యాల సినిమా చూస్తూ బట్టలు మడతపెడుతుంది. నిండిపోయిన పుస్తకాలను ఆయన ఇంటికి తెస్తే, ఆమె పేజీలు చించి వంటింటి అలమరలో డబ్బాల కింద పరుస్తుంది. అలా పరుస్తూ పరుస్తూ ఆ గీతలు చదవడం నేర్చింది. “ఇదిగో, ఇక్కడ ఎవరో అద్దంలో కనబడ్డారు, అవునా?” అనేది. అవును అనేవాడు. ఎప్పుడూ తప్పేది కాదు.

మొన్న డాక్టరు దగ్గరికి ఒక్కడే వెళ్లాడు. డాక్టరు ఆయన గుండె చప్పుడు చాలాసేపు విన్నాడు. “నవ్వండి, ఏడవండి, మెట్లు కూడా మెల్లిగా ఎక్కండి. ఉలిక్కిపడటం మాత్రం కూడదు. ఇంతకీ ఏం పని చేస్తారు?” అని అడిగాడు.

“భయపడతానండి” అన్నాడు ఉలుకయ్య.

పని మానేయాలని డాక్టరు తేల్చి చెప్పాడు. మానేయాలంటే మేనేజరుకు చెప్పాలి. చెప్పాలంటే భయం. ఇంట్లో చెబుదామంటే అది ఇంకా పెద్ద భయం. ముప్పయ్యేళ్ల కాపురంలో భార్య భయపడగా ఆయన చూడలేదు. ఈ మాట వింటే ఆమె భయపడుతుందేమో, ఆ ముఖాన్ని తను చూడాల్సి వస్తుందేమో. తెర మీద ఎన్ని ముఖాలు చూశాడో గానీ ఆ ఒక్కటి చూడగలిగే ధైర్యం లేదు. ఇంకో సంగతి కూడా ఉంది. పోవడానికి ఆయనకు పెద్ద బెంగ లేదు. ఉలిక్కిపడి పోతానేమో, కెవ్వుమనే నోటితోనే బిగుసుకుపోతానేమో అన్నదే బెంగ. ఇవాళ ఎలాగైనా మేనేజరుకు చెప్పేయాలని బస్సులో పదిసార్లు అనుకుంటూ వచ్చాడు. వచ్చి తిన్నగా పెన్సిళ్లు చెక్కుకున్నాడు.

మొదటిది దెయ్యం సినిమా. ఒక కుటుంబం కొత్త ఇంట్లో దిగింది. పడగ్గదిలో ఒక చెక్క బీరువా ఉంది. సంగీతం మొదలవగానే ఉలుకయ్య ఎడమ అరచేతిని గుండె మీద అదిమి పెట్టుకున్నాడు, కుక్కపిల్లను పట్టుకున్నట్టు. ఇరవై రెండో నిమిషంలో బీరువా తలుపు కిర్రుమంది. వేలెడు గీత. నలభయ్యో నిమిషంలో లోపలినుంచి చెయ్యి వచ్చింది. పెన్సిలు పేజీ దాటి బల్ల మీదికి పోయింది. రొమ్ములో ఎవరో తడిగుడ్డను పిండుతున్నట్టయింది. గాలి అందలేదు. సినిమా ఆపుదామని చెయ్యి చాచాడు, కానీ ఆపితే ఎందుకు ఆపారని మేనేజరు అడుగుతాడు. చాచిన చేతిని వెనక్కి తీసుకుని పలుకు గడిలో రాశాడు: “ఆ తలుపు తెరవకు తల్లీ అని చెప్పాను. వినలేదు.”

సినిమా అయ్యాక ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని మేనేజరు గది దాకా వెళ్లాడు. లోపల ఫోన్‌లో మాట్లాడుతున్నారు. మేనేజరు మంచివాడే, గొంతు మాత్రం పిడుగు. ఆ గొంతు గుమ్మం దాటి వినబడగానే ఉలుకయ్య వచ్చిన దారినే తిరిగి వెళ్లిపోయాడు.

రెండోది హత్యల సీరియల్, రెండువందల పన్నెండో ఎపిసోడు. రెండు తుపాకులు పేలాయి, రెండు చిన్న గీతలు పడ్డాయి. “మామగారి మీద నాకు మొదటినుంచీ అనుమానమే” అని రాసుకున్నాడు. ఆయనను అదరగొట్టింది తుపాకులు కావు. చివర్లో ఆసుపత్రి గది చూపించారు. మంచం పక్కన యంత్రంలో పచ్చటి గీత ఎగిరెగిరి పడుతూ ఉండి ఉన్నట్టుండి సాపుగా అయిపోయింది. సంగీతం లేదు, అరుపు లేదు. గీత ఎగరడం మానేసిందంతే. గీత ఎగిరితే భయపడాలని తెలిసిన మనిషికి ఎగరని గీత అంత భయపెడుతుందని తెలియదు. పెన్సిలు చేతిలోంచి జారి కిందపడింది. వంగి తీసుకోవడానికి చాలాసేపు పట్టింది.

మధ్యాహ్నం టైపిస్టు తన డబ్బా తెచ్చుకుని ఆయన బల్ల దగ్గరే కూర్చుంది. ఆయన డబ్బా మూత కూడా తీయలేదు.

“బాబాయ్‌గారూ, చొక్కా అంతా తడిసిపోయింది. ఏమైంది?”

“ఏంలేదమ్మా. నువ్వెప్పుడైనా బాగా భయపడ్డావా?”

“ఇక్కడ చేరిన రోజు. మిమ్మల్ని చూశాక పోయింది” అని నవ్వింది. ఆయన నవ్వలేదు. ఆమె ముద్ద కలపడం ఆపింది. “చెప్పండి బాబాయ్‌గారూ.”

చెప్పాడు. డాక్టరు మాట, మేనేజరు గొంతు, ఇంట్లో దాచడం, అన్నీ వరసగా చెప్పేశాడు. ఆమె లేచి నిలబడింది. “ఇప్పుడే వెళ్లి చెప్పండి. ఆయనా మనిషే కదా, మింగేస్తాడా? మీరు వెళ్తారా, నన్ను వెళ్లమంటారా?”

ఒక ఆడపిల్ల తన భయాన్ని తన బదులు మోసుకెళ్తాననడం ఆయనకు సిగ్గనిపించింది. సిగ్గు భయం కంటే ఒక మెట్టు పైదని అప్పుడే తెలిసింది. లేచి వెళ్లాడు.

“ఏంటండీ?” అన్నాడు మేనేజరు.

“రేపట్నుంచి నేను రానండి.”

“సెలవా?”

“కాదండి. ఇంక రానండి. గుండె బాగాలేదు. ఉలిక్కిపడకూడదన్నారు.”

మేనేజరు కళ్లజోడు తీశాడు. “ఇంత పెట్టుకుని పొద్దున ఆ దెయ్యం సినిమా చూశారా? ఎందుకు చూశారండీ?”

“మీకు చెప్పడానికి భయమేసిందండి.”

మేనేజరుకు నవ్వు రాబోయి మధ్యలో ఆగిపోయింది. గొంతు ఎంత తగ్గించగలడో అంత తగ్గించాడు. “ఇంటికెళ్లండి. రేపు నేనే వచ్చి ఇంట్లో మాట్లాడతాను. మిగతా సంగతులు ఆఫీసు చూసుకుంటుంది.”

“ఇంకోటి ఉందండి ఇవాళ్టికి.”

“అది పిట్టల డాక్యుమెంటరీ. గూడు, గుడ్లు. అందులో భయపడటానికేముంది, వదిలేయండి.”

“అయితే అదొక్కటి చూసి వెళ్తానండి” అన్నాడు ఉలుకయ్య. “భయం లేని బొమ్మ ఒక్కటి చూడాలనుంది.”

గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. కుర్చీ అడ్డం పెట్టబోయి మానేశాడు. డబ్బాను బల్ల మీదే ఉంచాడు. చెప్పేశాను అని పైకే అనుకున్నాడు. ఇంటికి వెళ్లి ఆమెకు కూడా చెప్పేయవచ్చు. ఆమె భయపడితే చూస్తాడు, పక్కన కూర్చుంటాడు. భయపడటంలో ముప్పయ్యేళ్ల అనుభవం ఉంది కదా, ఆ మాత్రం దారి చూపలేడా?

తెర మీద ఒక పిట్ట పుల్లలు ఏరుకుంటోంది. తొమ్మిదో నిమిషంలో ఎండుకొమ్మ ఫట్టుమని విరిగింది. అలవాటు కొద్దీ గోరంత గీత పడింది. గుడ్లు చిట్లాయి. పద్నాలుగో నిమిషంలో ఒక పిల్ల మెడ నిక్కించి నోరు తెరిచింది. ఆయన వంగి పలుకు గడిలో రాశాడు: “నోరంతా ఎరుపే. నవ్వొచ్చింది.” తెర మీద ఎరుపు చూసి నవ్వడం అదే మొదలు. పెన్సిలును పదిహేనో వరస మీద ఆనించి, చాలా రోజుల తర్వాత కుర్చీలో పూర్తిగా వెనక్కి వాలాడు. తల్లిపిట్ట ఎగిరిపోయింది. కొమ్మ కాసేపు ఊగింది. తెర మూలన నిమిషాలు వాటి మానాన అవి మారుతూ పోయాయి.

సాయంత్రం టైపిస్టు తలుపు తోసి వచ్చింది. బొమ్మ అయిపోయి తెర తెల్లగా ఉంది. ఆయన తల పక్కకు వాలి ఉంది. పాపం, కునుకు పట్టిందనుకుంది. చెయ్యి తగలకుండా పుస్తకాన్ని మెల్లిగా లాగి, గోరంత గీత తప్ప ఏమీ లేదని చూసి, తన బల్ల దగ్గరికి వెళ్లి ఊదారంగు ముద్ర వేసింది: ‘భయం లేదు. అందరూ చూడవచ్చు.’ తర్వాత ఇంటికి వెళ్లే వేళయిందని లేపడానికి వచ్చింది.

“బాబాయ్‌గారూ.”

ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఆదివారం టైపిస్టు ఆయన ఇంటికి వచ్చి కళ్లజోడు, అన్నం డబ్బా, పుస్తకం, మూడు పెన్సిళ్లు ఆయన భార్య చేతికిచ్చింది. చెప్పలేక చెప్పలేక డాక్టరు మాట కూడా చెప్పింది. భార్య డబ్బా మూత తీసి చూసింది. అన్నం అలాగే ఉంది.

“భయపడే పోయుంటారు కదమ్మా?” అని అడిగింది. “ఆయనకు అదే భయం. నాకు చెప్పకపోయినా తెలుసు.”

టైపిస్టు పుస్తకం మీద చెయ్యి వేసింది. “పిన్నిగారూ, ఆఖరున చూసింది ఇవాళ మూడింటికి వేస్తున్నారు. మధ్యలో ప్రకటనలు కూడా లేవు” అని మాత్రం అంది.

మూడింటికి భార్య గోడ గడియారాన్ని దింపి టీవీ పక్కన పెట్టుకుంది. పుస్తకాన్ని ఒళ్లో తెరిచి, పెన్సిలు తీసుకుని, ఆయనలాగే మొనను ఒక్కో వరసా కిందికి దించుతూ కూర్చుంది. టైపిస్టు పక్కన కూర్చుంది. తొమ్మిదో నిమిషంలో కొమ్మ విరిగింది. గీత ఉంది. పద్నాలుగులో పిల్ల నోరు తెరిచింది. మాట ఉంది. ఆ మాట చదివి ఆమె పెదవులు కదిలాయి. పంతొమ్మిదో నిమిషంలో గూడు మీద పిడుగుపడ్డట్టు ఉరిమింది. టైపిస్టు ఉలిక్కిపడింది. భార్య పేజీ వంక చూసింది. గీత లేదు.

“ఉరుముకు ఆయన మంచం కిందికి దూరే మనిషి” అంది మెల్లిగా. “అప్పటికే లేరు. పిట్టపిల్లను చూసి నవ్వుకుని వెళ్లారు.”

ఆమె ముఖం తేటపడింది. ఇంక టీవీ కట్టేయవచ్చు. కానీ ఆయన చూడలేకపోయింది తనైనా చూడాలనుకుందేమో, పెన్సిలును ఒక్కో ఖాళీ వరసా దించుకుంటూ కూర్చుంది. ముప్పయ్యొకటో నిమిషంలో, పిల్లలు నిద్రపోతున్న గూటి అంచు మీదికి చప్పుడు లేకుండా ఒక పాము తల లేచింది.

ఏ దెయ్యానికీ చెయ్యి వణకని మనిషి “ఏవండీ!” అని కేక పెట్టింది. టైపిస్టు ఆమెను రెండు చేతులా పొదివి పట్టుకుంది. పెన్సిలు ఎక్కడో దొర్లిపోయింది. ఒళ్లోంచి జారి నేల మీద పడిన పుస్తకం ఆ పేజీ దగ్గరే తెరుచుకుని ఉంది. ముప్పయ్యొకటో వరస దగ్గర మొదలైన జానెడు గీత, ఖాళీ గడులన్నీ దాటి, ‘భయం లేదు. అందరూ చూడవచ్చు’ అన్న ఊదారంగు ముద్ర మీదుగా పోయి పేజీ చివర ఆగింది.